బ్రేకు త్రొక్కగా బండి వణకుటకు కారణమేమి?

మామిడి కాలము ముగిసి బండ్లు కొంచెము విశ్రాంతి గొను దినములలో మన సంఘ సభ్యులు పలువురు కార్యస్థానమునకు వచ్చి చెప్పుకొను ఇబ్బంది యొకటి కలదు. సరకుల బండి 40, 50 కిలోమీటర్ల వేగము వఱకు చక్కగనే పోవుచున్నది. 60 దాటిన పిదప బ్రేకు త్రొక్కినచో స్టీరింగు చేతులలో గడగడ వణకుచున్నది. పెడలు కాలి క్రింద కొట్టుకొనుచున్నది. కాలు తీయగానే ఏమియు ఎఱుగనట్లు ఊరకుండుచున్నది. షెడ్డునకు తోలుకొని పోగా, “డిస్కులు వంగినవి, రెండును మార్చవలయును” అని చెప్పుదురు. సభ్యులు రూకలు చెల్లించి మార్పించుకొందురు. కొన్ని నెలలకు ఆ వణకు మరల ఇంటికి వచ్చును.

ఈ విషయమును గుఱించి మేము విచారించి తెలిసికొనినది ఏమనగా, ఇట్టి బండ్లలో చాల వాని డిస్కులు వంగియుండలేదు. వాని మీద బ్రేకు ప్యాడు పదార్థము ఒకచోట దట్టముగను, ఒకచోట పలుచగను అంటుకొని యున్నది. అంటుకొనిన దానిని తీసివేసి, మరల సమముగా అంటునట్లు చేసినచో పాత డిస్కులే పనికివచ్చును. దీనిని రైతులు తెలిసికొనకున్న, లేని జబ్బునకు మందు కొనుచునే యుందురు.

కార్వేటినగరమునకు చేరువ గ్రామమందలి మన సభ్యుడొకరికి జరిగిన సంగతి ముందుగా చెప్పెదము. ఈయన తన తోటలోని కూరగాయలను తిరుమల అన్నదానమునకు సమర్పింపదలచి చిన్న సరకుల బండిలో కొండమీదికి చేర్చి, రిత్త బండితో దిగివచ్చెను. దిగునపుడు పై గేరులోనే యుంచి, దారి పొడుగునను బ్రేకు మీద కాలు మోపియే యుండెను. క్రిందికి వచ్చిన పిదప బండ్ల వరుస నిలిచిపోగా, తానును పెడలు గట్టిగా అదిమి అయిదు నిమిషములు నిలిచెను. రెండు దినములకు పుత్తూరు దారిలో వణకు మొదలయ్యెను. షెడ్డువారు డిస్కులను, ప్యాడులను మార్చిరి. సుమారు 2,000 కిలోమీటర్లు తిరుగునప్పటికి వణకు తిరిగి వచ్చెను. ఈ తడవ సరకు మంచిది కాదని చెప్పి వేఱు డిస్కులు వేసిరి. అవియు అట్లే యయ్యెను. మూడవసారి ఒక వృద్ధ మెకానిక్కు గేజి పెట్టి కొలిచి చూచిన తర్వాతగాని అసలు సంగతి బయటపడలేదు. ఆయన కనిపెట్టిన దానిని చెప్పుటకు ముందు బ్రేకు పని చేయు విధమును కొంత వివరింపవలసి యున్నది.

ఎద్దుబండి చక్రపు ఇనుపపట్టాకు కొయ్యముక్కను ఒరయించి పల్లములో బండిని నిలుపుట మన పెద్దలెల్లరు ఎఱిగినదే. సీమలో బండివాండ్రు కొయ్యకు బదులు పాత బూట్ల తోలును ఒరయించెడివారనియు, దానిని చూచియే హెర్బర్టు ఫ్రూడు అను నాతడు 1897లో బ్రేకులకు ప్రత్యేకమైన ఒరపిడి పదార్థము చేయ నారంభించెననియు చెప్పుదురు. నేటి సరకుల బండి ముందు చక్రములలో పోత ఇనుముతో చేసిన గుండ్రని బిళ్ల, అనగా డిస్కు, చక్రముతో కూడ తిరుగుచుండును. దానికి ఇరువైపుల ప్యాడులను పట్టియుంచు క్యాలిపరు కలదు. పెడలు త్రొక్కగా నూనె ఒత్తిడిచే ప్యాడులు డిస్కును పట్టుకొనును. ఇంతవఱకు అందఱకును తెలిసినదే.

తెలియని దేమనగా, ప్యాడు డిస్కును కేవలము ఒరసి అరగించుట మాత్రమే కాదు. ప్యాడు పదార్థము వేడికి కొంచెము కొంచెముగా డిస్కు మీదికి చేరి, కంటికి కనబడునో కనబడదో అన్నంత పలుచని పొరగా ఏర్పడును. ఆ పొరకును ప్యాడునకును నడుమ జరుగు పట్టుచేతనే బ్రేకు మెత్తగను, గట్టిగను పనిచేయును. మన యిండ్లలోని దోసెపెనమును తలచుకొనుడు. క్రొత్త పెనము మీద దోసె రాదు. నూనె మరల మరల కాగి, పెనమంతట సమముగా పొర పట్టిన పిదప దోసె చక్కగా లేచును. ఆ పెనమునే మితిమీఱి కాల్చి, పిండి ఒకచోట మాడి అంటుకొనిన యెడల, ప్రతి దోసెయు అచ్చటనే పట్టుకొనును. డిస్కు సంగతియు ఇట్టిదే. సమమైన పొర మేలు చేయును. మాడిన మచ్చ కీడు చేయును.

ఆ మచ్చ ఎంత మందముండునని అడుగుదురేమో. మిల్లీమీటరులో నూఱవ వంతులు ఒకటి రెండు, అనగా 0.01 నుండి 0.02 మిల్లీమీటరు హెచ్చుతగ్గు చాలును, వణకు చేతికి తెలియుటకు. ఇది తలవెండ్రుక మందములో నాల్గవ వంతునకు మించదు. ఇంత స్వల్పమైనది ఇంత బండిని ఎట్లు కదలించుననిన, అది ఎన్నిమార్లు కొట్టునో లెక్కించి చూడుడు. టైరు చుట్టుకొలత ఇంచుమించు 2 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు 16, 17 మీటర్లు పోవును గనుక చక్రము 8 మార్లు తిరుగును. మచ్చ యొకటియే యున్నను సెకనునకు 8 మార్లు ప్యాడును తన్ని పట్టును. వేగము సగమైనచో తన్నులును సగమగును. అందుచేతనే మెల్లగా పోవునపుడు వణకు తెలియదు.

ఇక మచ్చ ఎట్లు పడునో చూతము. తిరుమలకు 1944లో తెఱచిన మొదటి ఘాటు రోడ్డు నేడు దిగుటకును, 1974లో తెఱచిన రెండవది ఎక్కుటకును వాడబడుచున్నవి. దిగు దారి సుమారు 19 కిలోమీటర్లు. అందు 36 గొప్ప మలుపులు కలవు. కొండమీదికిని తిరుపతికిని ఎత్తులో భేదము ఇంచుమించు 700 మీటర్లు. రిత్త బండియు, మనుష్యులును కలసి 2,000 కిలోలు తూగిరనుకొన్నచో, ఆ ఎత్తు దిగునపుడు పుట్టు శక్తి 30 డిగ్రీలున్న నీటిని సుమారు 45 లీటర్లు మరుగునట్లు చేయుటకు చాలును. ఈ వేడిలో కొంత గాలి యెదురు వలనను, ఇంజను పట్టు వలనను తీఱును. గేరు తగ్గింపని వాడు తక్కినదంతయు చేటంత డిస్కుల మీదికే నెట్టుచున్నాడు. పెండ్లివంట అండా కాగునంత వేడిని చేటెడు ఇనుముపై పెట్టినట్లే కదా! పలమనేరు దారిలోని మొగిలి ఘాటు, పీలేరు దారిలోని భాకరాపేట ఘాటు అంత ఎత్తైనవి కాకపోయినను, నిండు బరువుతో దిగు బండికి అవియు తక్కువ పరీక్ష పెట్టవు.

అట్లు కాగిన డిస్కు తిరుగుచున్నంతసేపు గాలి తగిలి అంతట సమముగా చల్లారును. బండిని నిలిపి పెడలును అదిమి పట్టినచో, ప్యాడు క్రిందనున్న భాగము మాత్రము వేడి పోక ఉడుకుచుండును. ప్యాడులోని జిగురు పదార్థము మెత్తపడి, పచ్చిగోడ మీద చేయి వేసినట్లు ప్యాడు ముద్ర డిస్కు మీద పడును. మన సభ్యుడు కొండ క్రింద వరుసలో చేసినది సరిగా ఇదియే. 2025వ సంవత్సరము జూన్, జూలై నెలలలో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు కర్మాగారముల వాకిళ్లలో కాయబండ్లు దినముల తరబడి వరుసలు తీరినది ఎవ్వరును మఱవలేదు. అట్టి వరుసకు నిండు బరువుతో వేగముగా వచ్చి నిలిచి, బ్రేకు మీదనే కాలుంచి జానెడు జానెడుగా ముందునకు జరుగు బండికి ఘాటు రోడ్డు లేకయే ఆ ముద్ర పడవచ్చును.

పందెపు కార్ల పనిలో జీవితము గడిపిన కారల్ స్మిత్ అను అమెరికా ఇంజనీరు, పగిలిన డిస్కులను, పళ్లెమువలె ఒక ప్రక్కకు వాలిన డిస్కులను తాను చూచితినిగాని, జనులు చెప్పునట్లు వంగిన డిస్కును చూడలేదని వ్రాసియున్నాడు. మేము అంత దూరము పోము. బిగించుటలోని లోపముచే డిస్కు వంకరగా తిరుగుట కలదు. దానిని ముందు చెప్పెదము. అయినను వణకిన ప్రతి డిస్కును వంగినదని పారవేయుట తప్పని ఆయన చెప్పినది మాకును సమ్మతమే.

మచ్చను పట్టించుకొనక బండిని నడపినచో కీడు ముదురును. ఎత్తుగా నున్న మచ్చయే ఎక్కువ ఒరసికొనును గనుక అచ్చటనే ఎక్కువ వేడి పుట్టును. వేడి 650, 700 డిగ్రీలకు చేరిన యెడల ఆ చోట పోత ఇనుములోని కర్బనము ఇనుముతో కలసి సిమెంటైటు అను మిక్కిలి కఠినమైన పదార్థముగా మాఱును. అది తక్కిన ఇనుమువలె అరగదు. చుట్టునున్నది అరగిపోగా అది మిట్టగా మిగిలి మఱింత కాగును. అప్పుడు నీలిరంగు మచ్చలు కానవచ్చును. ఇది డిస్కు లోపలికి కూడ పాకియుండును గావున, పైపై రుద్దుట వలన పోదు. కనుక వణకు మొదలైన వారము పదిదినములలోనే చూచుకొనుట రూకలు మిగుల్చు పని.

పుత్తూరు కట్టు కట్టువారు మొదట చేతితో తడవి, ఎముక విఱిగినదా, బెణికినదా అని తెలిసికొనినగాని కట్టు కట్టరు. బండి విషయమునను అట్లే చేయవలయును. బ్రేకు త్రొక్కకున్నను వణకినచో అది టైరు దోషమో, చక్రపు తూకము దోషమో యగును. డిస్కు జోలికి పోనక్కఱలేదు. త్రొక్కినపుడు మాత్రమే స్టీరింగు వణకినచో ముందు డిస్కులను అనుమానింపవలయును. స్టీరింగు నిలకడగా నుండి కూర్చున్న పీట మాత్రమే అదరినచో వెనుక డ్రమ్ములను చూడవలయును. తడిదారిలో, ఇసుకలో గట్టిగా త్రొక్కినపుడు ఏబీయస్ గల బండ్లలో పెడలు టకటక కొట్టుకొనుట రోగము కాదు, దాని స్వభావమే. పెడలు వణకక మెత్తబడి క్రిందికి దిగిపోవుచున్నచో అది వేఱు సంగతి, మఱింత ప్రమాదకరము. బ్రేకు నూనె తేమ పీల్చుకొని మరిగినపుడు అట్లగును. అట్టి బండిని వెంటనే నిలిపి, చల్లారిన పిదప నూనె మార్పింపవలయును. ఏ బండికైనను రెండేండ్ల కొకమారు నూనె మార్చుట మంచిది.

డిస్కులని తేలిన పిదప కొలత తీయవలయును. చక్రము విప్పి, డిస్కు అంచునకు ఒక వ్రేలి వెడల్పు లోపల, చుట్టును 8 చోట్ల మైక్రోమీటరుతో మందము కొలిచి వ్రాసికొనుడు. హెచ్చునకును తగ్గునకును భేదము పైన చెప్పిన 0.02 ప్రాంతమున నున్నచో మచ్చలే కారణము. తరువాత డయల్ గేజిని కదలని చోట బిగించి, ముల్లు డిస్కునకు తగులునట్లు పెట్టి, డిస్కును మెల్లగా ఒక చుట్టు త్రిప్పుడు. ముల్లు ఊగు కొలత సాధారణముగా 0.05 మిల్లీమీటరు లోపల నుండుట మేలు. కొన్ని బండ్లకు 0.1 వఱకు ఒప్పుదురు. బండితో వచ్చిన పుస్తకములోని లెక్కయే ప్రమాణము.

వృద్ధ మెకానిక్కు కనిపెట్టినది ఇచ్చటనే. క్రొత్త డిస్కులు పెట్టిన షెడ్డువారు హబ్బు ముఖమునకు పట్టిన త్రుప్పును గీకలేదు. త్రుప్పు పొలుసు మీద కూర్చున్న డిస్కు, ఎంత క్రొత్తదైనను, పీట క్రింద రాయి పెట్టినట్లు వంకరగా తిరుగును. బ్రేకు వేయనపుడును దాని మిట్టభాగము చుట్టుకొకమారు ప్యాడును తాకుచుండును. వేయి, రెండు వేల కిలోమీటర్లలో ఆ తాకిడిచే డిస్కు మందము ఒకచోట తగ్గి వణకు పుట్టును. ఆ సభ్యుడు రెండవ మాఱు కొనిన డిస్కులకు సరకు దోషమేమియు లేదు. వాని క్రిందనున్న త్రుప్పుదే దోషము. చక్రపు నట్లను ఒక ప్రక్క నుండి వరుసగా బిగించుటయు ఇట్టి వంకరనే తెచ్చును. ఎదురెదురు నట్లను మార్చి మార్చి, రెండు మూడు విడతలుగా, కొలత చూపు స్పానరుతో బిగింపవలయును.

మచ్చలు లేతవైనచో విప్పకయే పోవచ్చును. తెల్లవాఱుజామున రిత్త బండిని జనసంచారము లేని తిన్నని దారికి తోలుకొనిపోయి, క్రింద చెప్పబోవు విధమున పొర పట్టించు పనిని ఒకటి రెండు మార్లు చేసి చూడుడు. తగ్గకున్నచో డిస్కు ముఖములను రెండును గార్నెటు కాగితముతో చేతితో రుద్దవలయును. ఒకచోటనే రుద్దక, డిస్కును త్రిప్పుచు, గీతలు అడ్డదిడ్డముగా పడునట్లు రుద్దుట మంచిది. ప్యాడుల ముఖము గాజువలె మెఱయుచున్నచో సమమైన బండ మీద కాగితము పఱచి, దాని మీద ప్యాడును రుద్ది మెఱుగు తీయుడు. ఆ దుమ్మును నోటితో ఊదకుడు, గాలిగొట్టముతో కొట్టకుడు. పాతకాలపు ప్యాడులలో ఱాతినార వాడెడివారు. అది ఊపిరితిత్తులకు చేటు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, తడిబట్టతో తుడువవలయును. కడపట బ్రేకులకై అమ్ము స్పిరిటుతో కడుగుడు. కిరసనాయిలు, డీజిలు తగిలినచో జిడ్డు విడువదు, ప్యాడు చెడును. ఇదే సమయమున క్యాలిపరు జరుగు పిన్నులను చూడుడు. అవి పట్టుకొనిపోయినచో ప్యాడు డిస్కును విడువక సదా ఒరయుచుండును. ఎంత శుభ్రము చేసినను మచ్చ మరల పడును. వానికి పూయు గ్రీజు వేఱుగా దొరకును, చక్రపు గ్రీజు పనికిరాదు.

నీలి మచ్చలు ముదిరినచో లేతు పట్టించి పైపొర తీయింపవచ్చును. కాని ప్రతి డిస్కు మీదను దాని కనిష్ఠ మందము అచ్చుగా కొట్టియుండును. లేతు పట్టిన తర్వాత అంతకు తగ్గునట్లున్నచో, లేదా పగుళ్లు కనబడినచో, మాఱు మాటలేక జతగా మార్చవలసినదే. అచ్చట పొదుపు పనికిరాదు.

శుభ్రము చేసినను, క్రొత్తవి వేసినను, పొర పట్టించుట అవశ్యము. మన షెడ్లలో దీనిని చేయువారు తక్కువ. చేయుడని చెప్పువారు ఇంకను తక్కువ. బండిని 60 కిలోమీటర్ల వేగమునకు తెచ్చి, చక్రములు జాఱకుండునంత గట్టిగా త్రొక్కి 10 కిలోమీటర్లకు తగ్గింపుడు. పూర్తిగా నిలుపకూడదు. వెంటనే మరల 60కి తెచ్చి అట్లే చేయుడు. ఇట్లు 8 మొదలు 10 మార్లు. కొంచెము మాడు వాసన రావచ్చును, దానికి బెదరకుడు. తరువాత 10 నిమిషములు బ్రేకు అంటకుండ మెల్లగా తోలుచు గాలికి చల్లార్పుడు. అనంతరము ఇంటికి చేర్చి, హ్యాండుబ్రేకు కూడ వేయక, చదును నేలమీద గేరులో వైచి చక్రములకు ఱాళ్లు పెట్టి వదలుడు. ఒక జాములో ముగియు పని. దీనికి అగు ఖర్చు లీటరు, రెండు లీటర్ల డీజిలే.

ఘాటు దిగువారు ఎక్కినపుడు వేసిన గేరునే, లేదా అంతకు తక్కువ గేరును వేసికొని దిగవలయును. బ్రేకును ఒక్కమారు గట్టిగా త్రొక్కి వేగము తగ్గించి వదలుట, ఎడతెగక కాలు మోపియుండుట కంటె మంచిది. న్యూట్రలులో దిగి డీజిలు మిగిల్చితిమను వారి లెక్క మాకు ఎన్నడును అర్థము కాలేదు. దిగిన వెంటనే నిలుపక ఒకటి రెండు కిలోమీటర్లు చల్లగా పోనిండు. నిలువక తప్పనిచో, ముందు కొంత యెడముంచి నిలిచి, కాలు తీసి హ్యాండుబ్రేకు వేయుడు; మన సరకుల బండ్లలో అది వెనుక డ్రమ్ములను పట్టును గాని, కాగిన ముందు డిస్కులను పట్టదు. కాగిన డిస్కు మీద నీళ్లు చల్లి చల్లార్చు అలవాటు కొందఱికి కలదు. పోత ఇనుము పగులుటకు అంతకంటె దగ్గఱ దారి లేదు.

ట్రాక్టరులకు ఈ మాటలు వర్తింపవు. నేటి ట్రాక్టరులు పెక్కింటిలో బ్రేకు పలకలు వెనుక ఇరుసు పెట్టెలో నూనెయందు మునిగి యుండును. అవి వణకినను, కీచుమన్నను నూనె రకమును, మట్టమును చూడవలయును. కాగితము పెట్టి రుద్దుటకు అచ్చట ఏమియు లేదు.

పైన చెప్పిన సభ్యుని బండికి హబ్బు త్రుప్పు గీకి, ఆ డిస్కులనే గార్నెటు కాగితముతో రుద్ది, పొర పట్టించిరి. అది జరిగిన తర్వాత మామిడి కాలమంతయు ఆ డిస్కులతోనే చిత్తూరు వైపు కాయ చేరవేసెను. ఆయన మొదట తీయించి ఇనుపసామానుల వానికి తూకమునకు వేసిన జతయు బాగైయుండెడిదేమో. ఇప్పుడు చెప్పుట కష్టము.

డయల్ గేజియు, మైక్రోమీటరును ఒక్కొక్కరు కొనవలసినవి కావు. సంఘమున నొక జత ఉంచబడినది. కావలసినవారు కార్యస్థానమందలి పుస్తకములో వ్రాలు చేసి తీసికొనిపోయి, మూడు దినములలో తుడిచి తిరిగి ఈయవలయును. మైక్రోమీటరును క్రింద పడవేసినచో దాని కొలత మఱి నమ్మరాదు. పడినచో పడినదని చెప్పి ఈయుడు.